మినీ ట్రాక్టరుకు బాక్స్ బ్లేడు: వెడల్పు, బరువే కీలకం

ఎగుడుదిగుడు నేలను, మట్టిబాటలను చదును చేయడానికి ట్రాక్టరు వెనుక తగిలించే పనిముట్టు బాక్స్ బ్లేడు. సాధారణ బ్లేడులో మట్టి పక్కలకు జారిపోతుంది. ఇరువైపులా పలకలున్న ఈ పెట్టె దానిని పోగుచేసి, ఈడ్చుకెళ్లి గుంతల్లో నింపుతుంది.

ముందుగా వెనుక టైర్ల బయటి అంచుల మధ్య దూరాన్ని కొలవాలి. బ్లేడు అంతకంటే ఇరుకైతే చక్రాల జాడలు చెరగవు. అలాగని దుకాణంలో పెద్దదానిపై మనసు పడితే, పెట్టె నిండగానే చిన్న ట్రాక్టరు చక్రాలు నిలిచినచోటే తిరుగుతాయి.

బరువు విషయం మరింత సున్నితం. తేలికైన బ్లేడు గట్టి నేలను గీరుతుందే తప్ప కోయదు. బరువు మితిమీరితే, పైకెత్తినప్పుడు ముందు చక్రాలు తేలి స్టీరింగు పట్టు తప్పుతుంది. ఏటవాలులో ఇది ప్రాణాపాయమే. హైడ్రాలిక్ లిఫ్టు సామర్థ్యాన్ని సాధారణంగా కింది లింకుల చివర కొలుస్తారు. పెట్టె బరువు అంతకు వెనుక పడుతుంది కనుక కొంత వెసులుబాటు ఉంచుకోవాలి. అవసరమైతే ట్రాక్టరు ముందు అదనపు బరువులు బిగించాలి.

పెట్టెలోని పళ్ల ఎత్తు మార్చుకునే వీలుండాలి. పై లింకును కురచ చేస్తే పళ్లు లోతుగా దిగుతాయి. పొడిగిస్తే వెనుక అంచు నేలను నునుపు చేస్తుంది. అరిగిన అంచులను బోల్టులు విప్పి మార్చుకోగలిగే రకమైతే మేలు.