వీడియో కాల్ మధ్యలో ఆగుతోందా? ప్లాన్ మార్చే ముందు రూటర్ ప్లేస్ మార్చి చూడండి

గల్ఫ్ నుంచి కాల్ వచ్చే టైమ్‌కి ఇంటిల్లిపాదీ ముందు అర్రలోకే ఎందుకొస్తారు? కోరుట్ల, జగిత్యాల వైపు చాలా ఇళ్లలో జవాబు ఒక్కటే: సిగ్నల్ అక్కడే వస్తది. ఫైబర్ వైరు వీధి వైపు కిటికీలోంచి లోపలికొస్తుంది, కనెక్షన్ ఇచ్చినాయన పక్కనే మేకు కొట్టి రూటర్ తగిలించి వెళ్లిపోతాడు. దాంతో సగం వైఫై రోడ్డుకి పోతుంది. వంటింట్లో ఉన్న అమ్మకి మిగిలేది ఒక్క గీత.

ఇక్కడ చాలామంది మిస్సయ్యే పాయింట్ ఒకటుంది. కొన్నిసార్లు అవతలి మనిషి మనకి క్లియర్‌గానే కనిపిస్తాడు, మనం మాత్రం ఆయనకి ముక్కలు ముక్కలుగా కనిపిస్తాం. మామూలుగా రూటర్ కంటే ఫోన్ తక్కువ పవర్‌తో సిగ్నల్ పంపుతుంది. అంటే రూటర్ మాట ఫోన్‌కి వినిపిస్తుంది కానీ, ఫోన్ మాట రూటర్‌కి అందదు. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 200 చేసినా ఇది తగ్గదు.

మరి ఎక్కడ పెట్టాలి? ఇంటి మధ్యలో, ఐదారడుగుల ఎత్తులో, చుట్టూ ఖాళీగా. బీరువా మీద, టీవీ వెనక, ఫ్రిజ్ పక్కన మాత్రం వద్దు. ఇనుము సిగ్నల్‌ని వెనక్కి కొడుతుంది, నీళ్లు మింగేస్తాయి (అక్వేరియం పక్కన పెట్టేవాళ్లూ ఉన్నారు!). యాంటెనా నిలువుగా ఉంటే సిగ్నల్ గారె ఆకారంలో పక్కలకి పరుచుకుంటుంది. పై అంతస్తుకి కావాలంటే ఒక యాంటెనాని అడ్డంగా వంచి చూడండి. కానీ స్లాబ్‌లో ఉన్నది కాంక్రీటు, ఇనుప చువ్వలు కాబట్టి అద్భుతాలు ఆశించొద్దు.

సిరిసిల్లలో ఇంటికి ఆనుకునే సాంచల షెడ్డు ఉంటే కథ వేరు. వరసగా ఇనుప సాంచలు, మధ్యలో గోడ. 5 గిగాహెర్ట్జ్ స్పీడ్ ఎక్కువే కానీ గోడ దాటితే డీలా పడుతుంది. 2.4 కొంచెం దూరం పోతుంది, కాకపోతే పక్కిళ్ల రూటర్లన్నీ అందులోనే కొట్టుకుంటుంటాయి. ఛానెల్ 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది సెట్ చేయండి. షెడ్డులోకి మాత్రం క్యాట్ 6 కేబుల్ లాగి, అక్కడ ఇంకో రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడమే నా ఓటు. కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. రిపీటర్ కొంటే సిగ్నల్ చచ్చిన చోట పెట్టకండి, అది అక్కడ ఏం పట్టుకుని పంచుతుంది? సగం దారిలో, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి.

గీతలు నమ్మొద్దు. ఆండ్రాయిడ్‌లో వైఫై అనలైజర్ యాప్ వేసుకుని ప్రతి అర్రలో చూడండి. మైనస్ 67 డీబీఎం, అంతకంటే మెరుగ్గా ఉంటే వీడియో కాల్‌కి ఢోకా లేదు. మైనస్ 80 దగ్గరికి జారితే కాల్ ఆగుతూనే ఉంటుంది.

రూటర్ జరిపేటప్పుడు ఫైబర్ వైరుని మీరే గుంజకండి. అందులో ఉండేది గాజు, గట్టిగా మడిస్తే లైన్ పోతుంది, బాక్స్ మీద ఎర్ర లైట్ వెలుగుతుంది. కనెక్షన్ ఇచ్చిన వాళ్లనే పిలిచి జరిపించండి. కొత్త కనెక్షన్ అయితే ఇంకా ఈజీ, డ్రిల్లింగ్ మెషీన్ బయటికి తీయకముందే ఎక్కడ కావాలో చెప్పేయండి.