చేపలకు కొదవ లేదు, చెట్టుకే కరువు

చలికాలంలో మన పులికాట్ సరస్సు మీద కనిపించే ఆస్ప్రే జాతి గద్దకు ఫిన్లాండ్ అడవులూ ఒక పుట్టిల్లే. అక్కడి ఆస్ప్రేలు శీతాకాలం ఆఫ్రికాలో గడిపి, ఏప్రిల్‌లో సరస్సుల మంచు కరిగే వేళకు తిరిగొస్తాయి. తిండి దాదాపు అంతా చేపలే కాబట్టి, ఉన్న కాస్త వేసవిలోనే సంసారం ముగించుకోవాలి. గుడ్లు పొదగడానికి అయిదు వారాలకు పైగా, పిల్లలు ఎగరడానికి మరో ఏడెనిమిది వారాలు పడుతుంది.

పిల్లలు చిన్నగా ఉన్నన్నాళ్లూ వేట భారం మగపక్షిదే. నీటికి పైన రెక్కలాడిస్తూ గాల్లో నిలబడి, కాళ్లు ముందుకు చాచి దూకుతుంది. ముక్కురంధ్రాలు మూసుకుంటాయి. అరికాళ్ల నిండా ముళ్లలాంటి గరుకు పొలుసులు. బయటివేలు వెనక్కి తిరగడంతో ముందు రెండు, వెనక రెండు వేళ్ల మధ్య చేప బిగిసిపోతుంది. పైకి లేచి ఒళ్లు విదిల్చుకుని, గాలి అడ్డుపడకుండా చేప తలను ముందువైపుకు తిప్పి పట్టుకుంటుంది. తరచూ తల తాను తినేశాకే మిగతాది గూటికి తెస్తుంది. తల్లి దాన్ని చీల్చి పిల్లల నోటికందిస్తుంది.

ఈ కష్టమంతా నిలవాలంటే గట్టి గూడు కావాలి. ఏటేటా పుల్లలు చేరి బరువెక్కే ఆ గూటిని మోయడానికి కొస చదునుగా పరచుకున్న ముసలి పైన్ చెట్టు కావాలి. కలప కోసం పెంచే అడవిలో చెట్టుకు అంత వయసు రానివ్వరు. అందుకే పక్షిశాస్త్రవేత్త పెర్టి సౌరోలా ఆధ్వర్యంలో 1971లో మొదలైన ఆస్ప్రే పరిరక్షణ కృషిలో పక్షిప్రేమికులు చెట్ల కొసలకెక్కి గూళ్లు కట్టారు. ఆస్ప్రేలు వాటిని సంతోషంగా స్వీకరించాయి. మనిషి చేసిన నష్టాన్ని మనిషే ఇంత ఓపికగా పూడ్చిన సందర్భాలు అరుదని నా అభిప్రాయం.

అదే అడవుల్లో ఉండే గ్రేట్ గ్రే గుడ్లగూబ పరిస్థితి ఇంకా కష్టం. రెక్కలు చాస్తే దాదాపు మీటరున్నర ఉన్నా, తనకంటూ గూడు కట్టుకోదు. గోస్‌హాక్ అనే డేగ వదిలేసిన పాతగూట్లో గుడ్లు పెడుతుంది. తన ప్రధాన ఆహారమైన వోల్ ఎలుకలు తగ్గిన ఏడు అసలు గుడ్లే పెట్టకపోవచ్చు. దాని పిల్లలు ఎగరడం రాకముందే నేల మీదికి దూకేసి, ముక్కుతో, గోళ్లతో వాలిన మానులు పట్టుకుని పైకి పాకుతాయి. వాలిన మానులు దొరికేదీ ముదురు అడవిలోనే.

పెద్ద వేటపక్షులు ఏటా వాడే గూటిచెట్టును నరకకూడదని ఫిన్లాండ్ చట్టం చెబుతుంది. మరో యాభై ఏళ్లకు గూడు మోయబోయే చెట్టుకు మాత్రం ఆ రక్షణ లేదు. కలప కోతల్లో కొన్ని పైన్‌లను ముసలితనం దాకా వదిలేయాల్సింది అందుకే.