బాలి విల్లా పుత్తూరు ఎండకు నిలుస్తుందా? మామిడి తోటలో అతిథి ఇల్లు: నీడ, నీళ్లు, లెక్క

ఈ మధ్య మా తోట చూడ్డానికి వచ్చే రైతుల్లో సగం మంది ఫోన్లో ఒకటే రకం ఫోటో చూపిస్తా ఉండారు. బాలిలోనో మాల్దీవుల్లోనో వెదురుతో కట్టిన విల్లా, గడ్డి కప్పు, ముందర నీలం రంగు ఈత కొలను. "మన తోటలో ఇట్ల కడితే మద్రాసోళ్లు వస్తారు కదన్నా?" అని అడుగుతారు. వస్తారు. చెన్నై మనకు 110 కిలోమీటర్లు, తిరుపతి 35. కైలాసకోన దగ్గర్లోనే ఉంది. కానీ ఆ ఫోటోలో ఉన్నది ఉన్నట్టు మన దగ్గర కడితే మే నెల మధ్యాహ్నం దాంట్లో మేక కూడా పడుకోదు.

ఈ ఆలోచన ఎందుకొస్తా ఉందో మన జిల్లా రైతుకు వివరించే పనిలేదు. 2025లో తోతాపురి ధర పడిపోతే కిలోకు 12 రూపాయలు అని ప్రభుత్వం లెక్క కట్టింది. అందులో 8 ఫ్యాక్టరీలు ఇవ్వాల, 4 ప్రభుత్వం ఇవ్వాల. ఫ్యాక్టరీ గేటు కాడ ట్రాక్టర్ల వరస ఎంత పొడుగుందో అందరూ చూసినారు. నాలుగు గదులు కట్టి, కాయను చెట్టు కిందే తినేవాడికి అమ్ముకుందాం అనుకోవడం సరైన లెక్కే. మూడు గదులతో నేనూ అదే పనిలో ఉండా. చిక్కంతా ఎట్ల కడతామన్న దాంట్లో ఉంది. గదుల కోసం తోట నీళ్లు లాగేసుకుంటే రెండూ పోతాయి.

బాలిలో గాలి ఎప్పుడూ తేమగా ఉంటుంది, పగటికీ రాత్రికీ వేడిలో పెద్ద తేడా ఉండదు. అందుకే గోడలు లేకుండా, గాలి ఆడేటట్టు కడతారు. మనకు మేలో 42 డిగ్రీలు దాటడం మామూలే, పైగా వడగాలి. గోడ లేని ఇల్లంటే ఆ వడగాలిని ఇంట్లోకి పిలిచినట్టే. మన వాన కూడా వేరే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, తుపాన్లు. 2021 నవంబరులో తిరుపతి చుట్టుపక్కల ఎంత వాన పడిందో గుర్తుంది కదా. వాన గాలితో పాటు పక్కవాటుగా కొడుతుంది.

దీవి విల్లానే చూడాలనుకుంటే శ్రీలంకలో దంబుల్లా దగ్గరుండే కండలామ హోటల్ చూడండి. జెఫ్రీ బావా డిజైన్ చేసినాడు, 1994లో తెరిచినారు. అది ఉండేది శ్రీలంక మెట్ట ప్రాంతంలో. అక్కడా ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనంలోనే, అక్కడా చెరువే ఆధారం. బండను పగలగొట్టకుండా కొండ అంచు వెంబడే కట్టి, కప్పు మీద మొక్కలు పెంచి, ముందు భాగమంతా తీగలు అల్లించినాడు. దూరం నుంచి చూస్తే కొండలో కలిసిపోయి ఉంటుంది. లగ్జరీ హోటలే, కానీ నీడను ముందు పెట్టుకుని కట్టిన హోటల్. మనకు దగ్గరి చుట్టం అదీ.

ఇంక మా తోట సంగతికి వస్తా. మామిడి చెట్ల మధ్య 33 అడుగుల ఎడం ఉంటుంది. పాత తోటలో అక్కడక్కడ చెట్టు చచ్చిపోయి ఖాళీ తావులు ఉంటాయి. ఒక్క చెట్టు కూడా కొట్టకుండా, ఆ ఖాళీల్లోనే ఒక్కో గది పెట్టినాం. గది 20 అడుగుల పొడుగు, 16 వెడల్పు, దానికి ఆరడుగుల వసారా. పెద్ద బిల్డింగు ఒక్కటే కట్టి ఉంటే కనీసం ఆరేడు చెట్లు పోయేవి. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాల, బాలి పాత ఇళ్లలో కూడా గదులు విడివిడిగానే ఉంటాయి, మధ్యలో వాకిలి. తెచ్చుకుంటే ఇట్లాంటిది తెచ్చుకోవాల.

పడమటి గోడకు కిటికీ లేదు. గుండు రాయితో అడుగున్నర మందం కట్టినాం. మిగతా గోడలు ఇటుకతో, 'ర్యాట్ ట్రాప్' పద్ధతిలో. కేరళలో లారీ బేకర్ ఈ పద్ధతిని ఊరూరా తీసుకుపోయినాడు. ఇటుకలను పక్కకు తిప్పి నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులుతారు. ఇటుక నాలుగో వంతు దాకా మిగులుతుంది, ఆ ఖాళీలో ఉండే గాలి వేడిని ఆపుతుంది. మా మేస్త్రీకి మొదట నచ్చలేదు. రెండు వరసలు కట్టినాక ఆయనే లెక్కేసి ఎన్ని ఇటుకలు మిగిలినాయో చెప్పినాడు (వీడియోలో ఆయన మాటల్లోనే వినండి, నాకంటే బాగా చెప్పినాడు). పైన మంగళూరు పెంకులు రెండు వరసలు, మధ్యలో గాలికి సందు. ఉత్తరం, తూర్పు వైపు చూరు నాలుగడుగులు బయటికి తెచ్చినాం, తుపాను జల్లు గోడకు తగలకుండా. కింద కడప బండలు.

బోద కప్పు అందమే. బాలిలో అలాంగ్-అలాంగ్ గడ్డితో కప్పేదీ అట్లాంటిదే. అయితే ఎండాకాలం నిప్పు భయం, మూడు నాలుగేళ్లకు మళ్లీ నేయాల, నేసేవాళ్లు తగ్గిపోయినారు. కూర్చునే కొట్టానికి మాత్రం వేసినాం, పడుకునే గదికి వద్దనుకున్నాం.

వెదురు గురించి రెండు మాటలు. 2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెరిగే వెదురును చెట్ల జాబితాలోంచి తీసేసినారు. కాబట్టి మన గట్ల మీద వెదురు వేసుకుని మనమే వాడుకోవచ్చు. మూడేళ్లు దాటిన బొంగు మాత్రమే కొట్టాల. పచ్చి బొంగులో ఉండే పిండి కోసమే పుచ్చు పురుగు వస్తుంది. బోరాక్సు, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ల తొట్టిలో వారం నానబెట్టి, నీడలో ఆరబెట్టి వాడితే నిలుస్తుంది. బాలిలో ఆ పెద్ద పెద్ద వెదురు బిల్డింగులు నిలబడేది కూడా బోరాన్ మందుతోనే. ఆ పని చేయకుండా వాడితే రెండేళ్లకు కింద పొడి రాలతా ఉంటుంది.

ఇప్పుడు ఈత కొలను. ఎక్కువ మంది పట్టుబట్టేది దీనికే. 8 మీటర్ల పొడుగు, 4 మీటర్ల వెడల్పు, 1.3 మీటర్ల లోతు అనుకుంటే 41,600 లీటర్లు. ఎండాకాలం రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే 256 లీటర్లు గాల్లో కలుస్తాయి. దాన్తో పదమూడు అరటి చెట్లు బతుకుతాయి. ఇంక క్లోరిన్ కలిపిన నీళ్లు మార్చాల్సి వస్తే ఎక్కడ పోస్తాం? తోటకు పోస్తే జీవామృతంతో ఇన్నేళ్లు పెంచుకున్న సూక్ష్మజీవులు చస్తాయి. దీవిలో రిసార్టు వాళ్లు సముద్రం నీళ్లను మంచినీళ్లుగా మార్చుకుంటారు, డీజిలు పడవలో తెచ్చుకుంటారు. మాల్దీవుల్లో చెత్త పోయడానికి తిలఫుషి అని వేరే దీవే పెట్టుకున్నారు. మనకు ఉన్నది ఒక బోరు. నా మటుకు నేను తోటను దీవి అనుకునే లెక్కేస్తా. లోపలికి ఏం వస్తా ఉంది, అది మళ్లీ ఎక్కడికి పోతా ఉంది?

అందుకే మేం కొలను కట్టలేదు, తొట్టి కట్టినాం. మన చిన్నప్పుడు పంపుసెట్టు కాడ తొట్టిలో దూకి ఆడుకునేవాళ్లం కదా, అదే కొంచెం పెద్దది. 5 మీటర్లు, 3 మీటర్లు, 1.2 లోతు, అంటే 18,000 లీటర్లు. బోరు నీళ్లు ముందు దీంట్లో పడతాయి, ఇక్కడి నుంచి ఫిల్టరు దాటి డ్రిప్పుకు పోతాయి. చెట్టుకు 60 లీటర్ల చొప్పున 300 చెట్లకు సరిపోతుంది. ఏ రోజు నీళ్లు ఆ రోజు తోటకు పోతాయి కాబట్టి క్లోరిన్ అవసరం లేదు, పాచి పట్టదు, దోమ పిల్లలు పెరిగేంత టైము ఉండదు. రూలు ఒక్కటే, సబ్బు, షాంపూ వద్దు. లోపల గచ్చు మాత్రం గానుగ సున్నంతోనే, కరక్కాయ, బెల్లం నీళ్లు పోసి. నీడకు పైన రెండు మామిడి కొమ్మలు. చెన్నై నుంచి వచ్చిన పిల్లలు ఒకసారి దిగితే పైకి రారు.

సేద్యానికి ఇచ్చే ఉచిత కరెంటు సేద్యానికే. గదులకు వేరే మీటరు, వేరే బిల్లు పెట్టుకోండి. దీంట్లో కక్కుర్తి పడితే రేపు అందరు రైతులకూ చెడ్డపేరు.

స్నానం నీళ్లు: మనిషికి రోజుకు 135 లీటర్లు అని ప్రభుత్వ లెక్క. నలుగురికి 540. అందులో మరుగుదొడ్డివి తీసేస్తే 400 లీటర్లు మిగులుతాయి. అవి మెట్ట తామర వేసిన రాళ్ల గుంట దాటి అరటి గుంటలోకి పోతాయి. ఇరవై చెట్లకు సరిపోతాయి. ఫినాయిలు, యాసిడ్ లోపలికి రానీయం. సబ్బు, కుంకుడు పొడి మేమే గదిలో పెడతాం. మరుగుదొడ్డికి డీఆర్‌డీవో వాళ్ల పద్ధతిలో బయో డైజెస్టర్ పెట్టినాం. దాంట్లోంచి వచ్చే నీళ్లు టేకు చెట్లకే. కూరగాయలకు పెట్టొచ్చు అని కొందరు చెప్తారు, నేను పెట్టను.

పెంకుల మీద వాన: మూడు గదులూ కలిపి 150 చదరపు మీటర్ల కప్పు. ఉమ్మడి చిత్తూరు జిల్లా సగటు 900 మిల్లీమీటర్ల పైచిలుకు. ఐదో వంతు పోయినా 1,08,000 లీటర్లు చేతికొస్తాయి. కింద సంపు 20,000 లీటర్లదే, దాంట్లోవి వంటకూ తాగడానికీ. నిండినాక మిగతాది బోరు పక్కన ఇంకుడు గుంటలోకి. మూడు నెలల్లో పడే వానను ఏడాదంతా దాచాలంటే సంపు ఖర్చు గది ఖర్చును మించిపోతుంది, కాబట్టి భూమిలోనే దాచుకోవడం మేలు.

ఏసీ పెట్టలేదా అని అడుగుతారు. ఒక గదికి లైను వేసి వదిలేసినాం. ఈ మే నెల మూడు గదుల్లో మూడు థర్మామీటర్లు పెట్టి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి రాసుకుంటా. ఆ అంకెలు ఎట్లుంటే అట్ల వీడియోలో పెడతా, ఏసీ సంగతి దాన్ని బట్టి చూద్దాం.