క్షతగాత్రుని వద్దకు నడచిన ఆసుపత్రి

హైదరాబాదు నగరానికి తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల మీదుగా విజయవాడకు సాగే రహదారిపై ఏ వేళ చూచినా రద్దీయే. అంతటి రద్దీలోనూ సైరన్ వినిపించగానే వాహనాలు ప్రక్కకు ఒదిగి ఆంబులెన్సుకు దారి యిస్తాయి. ఆంబులెన్సు అనగానే మనకు స్ఫురించేది రోగిని ఆసుపత్రికి చేర్చే బండి. కాని సైనికుల పరిభాషలో ఫీల్డ్ ఆంబులెన్సు అంటే బండి కాదు, ఒక దళం. వైద్యులు, శస్త్రచికిత్సా నిపుణులు, మత్తు ఇచ్చేవారు, గాయాలకు కట్లు కట్టేవారు, స్ట్రెచర్లు మోసేవారు అందులో వుంటారు. ఆసుపత్రికి చేరలేని క్షతగాత్రుని వద్దకు ఆసుపత్రియే నడచి వస్తుందన్నమాట.

ఈ పద్ధతికి మార్గదర్శి ఫ్రెంచి వైద్యుడు లారే. ఆయన కాలంలో గాయపడినవారు తరచు పోరు ముగిసేదాకా పడినచోటనే పడివుండేవారు. 1790 తరువాతి సంవత్సరాలలో ఆయన తేలికైన గుర్రపుబండ్లను పోరు సాగుతూ వుండగానే ముందుకు పంపే ఏర్పాటు చేశారు. సేనాని అయినా సిపాయి అయినా గాయం తీవ్రతను బట్టియే చికిత్స జరగాలని కూడా ఆయన నియమం పెట్టారు.

ఈ నియమానికి మన దేశం పక్షాన గొప్ప నిదర్శనం కొరియా యుద్ధంలో కనిపిస్తుంది. 1950 జూన్‌లో ఆ యుద్ధం ఆరంభమైంది. నెహ్రూ ప్రభుత్వం పోరాడే సేనలను పంపలేదు. 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్సును పంపింది. మూడువందలకు పైబడిన ఆ దళానికి నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్. నవంబరులో పూసాన్ రేవులో దిగిన కొద్దిరోజులకే వారికి అగ్నిపరీక్ష ఎదురైంది.

చైనా సేనలు విరుచుకుపడగా డిసెంబరు ఆరంభంలో ఐక్యరాజ్యసమితి సేనలు ప్యాంగ్‌యాంగ్‌ను విడిచి వెనుకకు మరలాయి. మన దళానికి తగినన్ని వాహనాలు లేవు. సామగ్రిని తగులబెట్టి ప్రాణాలు దక్కించుకొని రావడం సులభమే. కాని శస్త్రాలు, మందులు లేని వైద్యుడు యుద్ధరంగంలో చేయగలిగినది ఏమున్నది? రంగరాజ్ అందుకు సమ్మతించలేదు. వదలివేసిన ఆవిరి ఇంజను నొకదానిని, కొన్ని పెట్టెలను మనవారు వెదకి పట్టుకొన్నారు. వరుసగా నిలబడి బకెట్లతో బాయిలరు నింపారు. ఇంజను నడపడం కొంత తెలిసినవారు దళంలోనే వున్నారు. సామగ్రితో ఆ రైలు నదిని దాటిన కొద్దిసేపటికే వంతెనను పేల్చివేశారు.

ఆ సామగ్రి విలువ తరువాతి సంవత్సరాలలో తేలింది. దళంలో ఒక భాగం 27వ కామన్వెల్తు బ్రిగేడు వెంట నడచింది. మరొక భాగం డేగు నగరంలో కొరియా సైనికులకు, పౌరులకు చికిత్స చేసింది. 1951 మార్చి 23న మున్సాన్ వద్ద అమెరికా పారాచూట్ సేనలతోపాటు రంగరాజ్, ఆయన సహచరులు కొందరు విమానాల నుండి దూకి, దిగినచోటనే గాయపడినవారికి పరిచర్య చేశారు. కొరియాలో గడిపిన కాలంలో ఈ దళం చికిత్స చేసినవారు దాదాపు 2 లక్షలమంది. చేసిన శస్త్రచికిత్సలు సుమారు 2,300. దళంలో ప్రాణాలర్పించినవారు వున్నారు, గాయపడినవారు వున్నారు. రంగరాజ్‌కు మహావీరచక్ర లభించింది.

ఈ వీరత్వం స్వభావమేమిటి? గుండ్లు కురుస్తూంటే సిపాయి గోతిలో ఒదుగుతాడు. గాయపడినవాని పిలుపు వినబడితే వైద్యసైనికుడు ఆ గోతిని విడిచి బయటకు రావాలి. స్ట్రెచరు పట్టిన చేతులు తుపాకి పట్టలేవు. జెనీవా ఒప్పందాలు అతని భుజంమీది ఎర్రశిలువ గుర్తుకు రక్షణ కల్పించాయి, నిజమే. కాని ఫిరంగి గుండు గుర్తులు చూచి పడదు. గాయపడినవాడు శత్రువైనా సరే చికిత్స చేయవలెనని ఆ ఒప్పందాలే శాసిస్తున్నాయి. చంపడానికి కావలసిన ధైర్యం కన్న ఇది తక్కువదని ఎవరనగలరు?

యుద్ధరంగం నేర్పిన ఈ పాఠం మన వీధులకూ వచ్చింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ ఆరంభమైంది. రక్తస్రావాన్ని ఆపి, ఊపిరి అందేటట్లు చూడగల శిక్షణ పొందినవారు ఆ బండిలో వస్తారు. వారు వచ్చేలోగా శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమిపట్టడం ఎవరైనా చేయగల పని. దారి యివ్వడంతోపాటు ఈ చిన్నపని కూడ మనం నేర్చుకొన్నట్లయితే, ఎన్నో ప్రాణాలు ఆసుపత్రి గడప దాకా నిలుస్తాయి.