గుటక వేస్తే తెరుచుకునే నాళం

మధ్య చెవిని ముక్కు వెనక భాగంతో కలిపే సన్నని దారి యుస్టేకియన్ నాళం. 16వ శతాబ్దపు ఇటలీ శరీరశాస్త్రవేత్త బార్తొలొమియో యుస్టాకీ పేరు దీనికి పెట్టారు. పెద్దవాళ్లలో దీని పొడవు సుమారు 36 మిల్లీమీటర్లు. చెవి వైపు మూడో వంతు ఎముకలో ఉండి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మిగతా భాగం మృదులాస్థి, కొవ్వు, కండరాల నడుమ మూసుకుని ఉండి, గుటక వేసినప్పుడో ఆవలించినప్పుడో మాత్రం క్షణకాలం తెరుచుకుంటుంది.

ఈ చిన్న పని విలువ లేహ్ నుంచి ఢిల్లీకి వచ్చే విమానంలో బాగా తెలుస్తుంది. లేహ్ విమానాశ్రయం 3,256 మీటర్ల ఎత్తున ఉంది. ఢిల్లీ ఇందిరా గాంధీ విమానాశ్రయం ఎత్తు 240 మీటర్లు కూడా లేదు. ప్రామాణిక వాతావరణ లెక్కలో లేహ్‌లో గాలి పీడనం సుమారు 510 మిల్లీమీటర్ల పాదరసం, ఢిల్లీలో 740. అంటే కర్ణభేరికి రెండు వైపులా దాదాపు 230 మిల్లీమీటర్ల తేడా దారిలోనే సర్దుకోవాలి. పైకి వెళ్లేటప్పుడు చిక్కు తక్కువ: లోపలి గాలి తనంతట తానే నాళాన్ని తోసుకుని బయటపడుతుంది. దిగేటప్పుడు బయటి పీడనమే మెత్తని గోడలను నొక్కిపెడుతుంది. తేడా సుమారు 90 మిల్లీమీటర్లు దాటితే కండరాలు లాగినా నాళం తెరుచుకోదు. చెవి దిబ్బడ వేసేదాకా ఆగకుండా ముందునుంచే గుటకలు మింగుతూ ఉండమనేది ఇందుకే.

నాళం తెరుచుకునేటప్పుడు లోపల ఏం జరుగుతుందో బతికున్న మనిషిలో చూడటం కష్టం. ఎండోస్కోప్‌కు కనిపించేది ముక్కు వైపు నోరే. ఏ కండరం ఎంత బలంతో లాగిందో కొలిచే దారి లేదు. కంప్యూటర్ నమూనాల అవసరం ఇక్కడే పుట్టింది. అమెరికాలో సమీర్ ఘడియాలీ బృందం 2004లో ప్రచురించిన పని ఇందులో ముఖ్యమైనది. మరణించినవారి కణజాలాన్ని పలచని ముక్కలుగా కోసి, సూక్ష్మదర్శినిలో మృదులాస్థి, కొవ్వు, శ్లేష్మపొరల హద్దులు గీస్తారు. ఆ చిత్రాన్ని కంప్యూటర్‌లో వేలాది చిన్న ఖండాలుగా విభజించి, ఒక్కో కణజాలానికి దాని బిరుసుతనం కేటాయిస్తారు. దీన్నే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటారు. వంతెనల లెక్కలకూ ఇదే వాడతారు.

తర్వాత కండరాలను లాగి చూస్తారు. అంగిలిని బిగించే కండరం నాళపు బయటి గోడను పక్కకు లాగుతుంది. దాని స్నాయువు ఒక చిన్న ఎముక కొక్కెం చుట్టూ, బావి గిలక మీద చేదతాడులా తిరుగుతుంది. కొక్కెం చోటు మారితే లాగే దిశే మారిపోతుంది. అంగిలిని ఎత్తే రెండో కండరం లోపలి వైపు మృదులాస్థిని తిప్పుతుంది. గోడలు ఎంత విడివడ్డాయో తెలిస్తే గాలి ప్రవాహాన్నీ లెక్కించవచ్చు. సన్నని చీలికలాంటి దారిలో ప్రవాహం వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, సందు రెట్టింపైతే గాలి ఎనిమిది రెట్లు వెళుతుంది. జలుబులో శ్లేష్మపొర కాస్త వాచినా చెవి మూసుకుపోవడానికి ఈ ఘనమే కారణమని చెప్పవచ్చు. తడి గోడలు అతుక్కోవడం దానికి తోడు.

నమూనా అసలు ఉపయోగం ఒక్కొక్కటే మార్చి చూడగలగడం. అంగిలి చీలికతో పుట్టిన పిల్లల్లో మధ్య చెవిలో నీరు చేరడం సర్వసాధారణం. తప్పు కండరం బలంలో ఉందా, అది లాగే కోణంలోనా, మృదులాస్థి మెత్తదనంలోనా అని ఆపరేషన్ బల్ల మీద విడదీయలేరు, లెక్కలో విడదీయవచ్చు. అయితే కణజాలపు బిరుసుతనం, కండర బలాల అంకెలు చాలావరకు అంచనాలే. అందుకే ఒక నాళం సరిగ్గా ఎన్ని మైక్రాన్లు తెరుచుకుంటుందన్న జవాబు కన్నా, ఏ మార్పుకు నాళం ఎక్కువ స్పందిస్తుందన్న పోలికే ఈ నమూనాల్లో నమ్మదగింది.