మళ్లీ కలిపిన రెండో స్వయంవరం

విడిపోయిన ఆలుమగలు మళ్లీ కలుస్తారా? నలదమయంతుల కథంతా ఇదే! జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు, అడవిలో నిద్రపోతున్న భార్యను వదిలేసి వెళ్లిపోయాడు. దమయంతి ఏడుస్తూ కూర్చోలేదు. 'రేపే రెండో స్వయంవరం' అని ఋతుపర్ణుడికి కబురంపింది. ఒక్కరోజులో అంతదూరం రథం తోలగలిగేది నలుడొక్కడే మరి! కురూపిగా వచ్చిన సారథిని వంట రుచితో, పిల్లల్ని చూసి అతడు కార్చిన కన్నీళ్లతో పోల్చుకుంది. నిలదీసి అడిగాకే చేయందుకుంది.

ఈ కథనే ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'చిత్రనళీయం' నాటకంగా రాశారు. 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ ఆయన మేనల్లుడే. ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలన్న నటుడాయన. నిజమే, దమయంతి బాధ ఆడగొంతులోనే కదా వినాలి!