ఆ సభలో ఒకే ఒక్క ఈల

2009 ఏప్రిల్. ఎండలు మండిపోతున్నాయి. ఎన్నికల వేడి అంతకు మించి ఉంది. అధికారం నిలబెట్టుకోవాలని కాంగ్రెస్, తిరిగి దక్కించుకోవాలని మహాకూటమి, తొలి ప్రయత్నంలోనే చేజిక్కించుకోవాలని ప్రజారాజ్యం. ఎటు చూసినా జెండాలు, జనసమీకరణలు, సినిమా తారల రోడ్‌షోలు. సరిగ్గా ఆ సమయంలో హైదరాబాద్‌లోని కూకట్‌పల్లిలో ఒక కొత్త శబ్దం వినిపించింది. అదే ఈల!

లోక్‌సత్తా పార్టీ గుర్తు అది. అభ్యర్థి నాగభైరవ జయప్రకాశ్ నారాయణ. అందరికీ తెలిసిన పేరు జేపీ. డబ్బు పంచను, మద్యం పోయించను, ఎదుటివాళ్లను తిట్టను అంటూ ఓట్లడిగిన అభ్యర్థి. ‘ఇలాగైతే గెలిచినట్టే!’ అని నవ్వుకున్నవాళ్లు చాలామందే. మే 16న ఫలితాలొచ్చాయి. జేపీ గెలిచారు. రాష్ట్రమంతటా అభ్యర్థులను నిలిపినా, 294 స్థానాల శాసనసభలో ఆ పార్టీకి దక్కింది ఆ ఒక్క సీటే.

ఆ ఒక్క గెలుపు ఏం చెప్పింది? మిగతా ఓటములు ఏం చెప్పాయి?

డాక్టరు... కలెక్టరు... కార్యకర్త

జేపీ గుంటూరు వైద్య కళాశాలలో చదివిన డాక్టరు. ఎమర్జెన్సీ, ఆ తర్వాత జనతా ప్రయోగం విఫలం కావడం ఆయన దృష్టిని ప్రజాజీవితం వైపు మళ్లించాయి. స్టెతస్కోపు పక్కనపెట్టి 1980లో ఐఏఎస్‌కు వెళ్లారు. కలెక్టరుగా జిల్లాలు చూశారు. గవర్నరు దగ్గర, ముఖ్యమంత్రి దగ్గర కార్యదర్శిగా పనిచేశారు. పాలనను కింది మెట్టు నుంచీ పై మెట్టు నుంచీ చూశాక ఆయనకు అర్థమైంది ఒకటే. కుర్చీలో మంచివాడు కూర్చున్నంత మాత్రాన వ్యవస్థ మారదు. ఆ అధికారి బదిలీ అయ్యాక కథ మళ్లీ మొదటికే వస్తుంది.

1996లో ఉద్యోగానికి రాజీనామా చేసి, మిత్రులతో కలిసి లోక్‌సత్తాను ఉద్యమంగా మొదలుపెట్టారు. పెట్రోలు బంకుల్లో కొలతల మోసాల నుంచి మున్సిపాలిటీల్లో సేవల ఆలస్యం దాకా నిత్యజీవితంలోని సమస్యలే ఆ ఉద్యమానికి పాఠాలు. పదేళ్ల తర్వాత, 2006 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు అది రాజకీయ పార్టీ అయింది.

ఎమ్మెల్యే ఎందుకు?

కొత్త ఎమ్మెల్యే ఇంటి ముందు తెల్లవారేసరికి జనం ఉంటారు. ఒకరికి రేషన్ కార్డు, ఒకరికి పింఛను, మరొకరికి అల్లుడి బదిలీ. ఓపిగ్గా విని, ఆఫీసుకు ఫోన్ కొట్టేవాడే మంచి నాయకుడని మన లెక్క. జేపీ ఈ లెక్కనే తప్పన్నారు. కార్డు, పింఛను అర్హత ఉన్నవారి హక్కులు. వాటికోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడాల్సిన అవసరం రాకూడదు. అవి సకాలంలో అందకపోతే బాధ్యులు సమాధానం చెప్పాలి, ఆలస్యానికి పరిహారం చెల్లించాలి. ఆయన దృష్టిలో ప్రజాసేవ అంటే దయ చూపడం కాదు, దయతో పనిలేకుండా చేయడం.

మరి ఎమ్మెల్యే చేయాల్సిందేమిటి? చట్టాలు చేయడం, బడ్జెట్‌ను నిలదీయడం. కానీ మన పద్ధతిలో ముఖ్యమంత్రి కుర్చీ ఎమ్మెల్యేల సంఖ్య మీద ఆధారపడి ఉంటుంది. కుర్చీ నిలవాలంటే వాళ్లు అడిగిన బదిలీలు, కాంట్రాక్టులు కాదనలేని పరిస్థితి. పైన నిజాయితీపరుడున్నా కిందివాళ్ల చేతిలో బందీయే. అందుకే రాష్ట్రానికి అధినేతను ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని, అధికారాలు, నిధులు పంచాయతీలకు, మున్సిపాలిటీలకు వెళ్లాలని జేపీ వాదించారు.

ఖర్చు లెక్క

2009లో మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు చట్టం విధించిన పరిమితి 10 లక్షల రూపాయలు. ఆ మాట చెబితే పల్లెటూరి పిల్లాడు కూడా నవ్వేవాడు. జేపీ చెప్పిన లెక్క సూటిగా ఉంటుంది. డబ్బు పంచినంత మాత్రాన గెలుస్తారన్న నమ్మకం లేదు. పంచకపోతే మాత్రం ఓడిపోతామన్న భయం ఉంది. అందరిలోకీ ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే గెలిచే పద్ధతిలో, ఆ చివరి కొద్ది ఓట్ల కోసం అందరూ పోటీపడి ఖర్చుపెడతారు. పెట్టినదాన్ని మళ్లీ జనం నుంచే రాబట్టుకుంటారు. దీనికి ఆయన చెప్పిన మందు దామాషా ఎన్నికలు. అంటే పార్టీకి ఎన్ని ఓట్లొస్తే అన్ని సీట్లు.

సిద్ధాంతం బాగానే ఉంది. అమలులోకి రానంతకాలం పాత ఆటలోనే దిగాలి కదా! కూకట్‌పల్లిలో ఆయనకు కలిసొచ్చింది అక్కడి ఓటరు. నియోజకవర్గాల పునర్విభజనతో కొత్తగా ఏర్పడ్డ నియోజకవర్గం అది. హౌసింగ్ బోర్డు కాలనీ, ఉద్యోగాల కోసం రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చిన కుటుంబాలు, హాస్టళ్లలో ఉండే కుర్రకారు. ఆయన మాట అక్కడ తేలిగ్గా చేరింది. పల్లెకు వెళ్లేసరికి అదే మాట క్లాసులో పాఠంలా వినిపించిందన్నది విమర్శ. అందులో నిజం లేకపోలేదు.

మాటకు పరీక్ష

ప్రత్యర్థి అంటే శత్రువు కాదు. విధానాన్ని విమర్శించాలి గానీ మనిషిని కాదు. వేదికల మీద జేపీ చెబుతూ వచ్చిన మాటలివి. ఈ మర్యాదకు అసలు పరీక్ష 2011 ఫిబ్రవరి 17న ఎదురైంది.

తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజులు. బడ్జెట్ సమావేశాల తొలిరోజు ఉభయసభల్లో గవర్నరు ప్రసంగాన్ని సభ్యులు అడ్డుకున్నారు. సభలో పెద్ద గందరగోళం. తర్వాత మీడియా పాయింట్ దగ్గర జేపీ ఆ తీరును తప్పుపట్టారు. అక్కడే, శాసనసభ ఆవరణలోనే, ఆయన మీద దాడి జరిగింది. మర్యాద గురించి మాట్లాడినందుకే ఒక శాసనసభ్యుడి మీద చెయ్యి పడిన రోజది.

ఆ రోజుకు మరో పార్శ్వమూ ఉంది. దశాబ్దాల ఆకాంక్ష, బలిదానాలు చూసిన వారికి సభా మర్యాదల మాట చిన్నదిగా కనిపించింది. గుండె మండుతున్నవాడికి నిదానం చెప్పేవాడు పరాయివాడిలా కనబడతాడు. మూడు ప్రాంతాలకూ ఆమోదయోగ్యమైన పరిష్కారం కావాలన్న జేపీ మాట ఎవరికీ పూర్తిగా నచ్చలేదు. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎంత న్యాయమైన కోపమైనా, ఎదుటివాడు మాట పూర్తిచేసే చోటు శాసనసభ కాకపోతే ఇంకెక్కడ?

ఓడిందెవరు?

2014లో జేపీ మల్కాజిగిరి నుంచి లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయారు. 2016లో ఎన్నికల రాజకీయాల నుంచి తప్పుకొంటున్నట్టు లోక్‌సత్తా ప్రకటించింది. ఈల ఆగిపోయింది.

అంతేనా అంటే, కాదు. ఇప్పుడు ఏ ఎన్నికలొచ్చినా అభ్యర్థి ఆస్తులెన్ని, అప్పులెన్ని, కేసులెన్ని, చదివిందెంత అన్న వివరాలు పేపర్లలో వస్తాయి. అవి ఊరికే రాలేదు. ఓటరుకు ఆ వివరాలు తెలియాలని 2002 మే 2న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాజకీయ పార్టీలన్నీ ఒక్కటై దాన్ని వ్యతిరేకించాయి. తీర్పును నీరుగార్చేలా చట్టాన్నే సవరించాయి. ఆ సవరణను సవాలు చేసినవారిలో లోక్‌సత్తా ఒకటి. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టేసింది. అప్పటినుంచి దేశంలో ప్రతి అభ్యర్థీ ప్రమాణపత్రం ఇవ్వాల్సిందే. జేపీ శాసనసభలో అడుగుపెట్టడానికి ఆరేళ్ల ముందే సాధించిన గెలుపు అది.

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి పెద్ద రాష్ట్రాల్లో 2022 నుంచి 40 లక్షలు. ఆ అంకె విన్నా ఊళ్లో నవ్వేవాళ్లే ఎక్కువ. ప్రమాణపత్రంలో కేసుల జాబితా చూసి కూడా ఓటేస్తున్నవాళ్లం మనమే. పోలింగు ముందురోజు రాత్రి తలుపు చప్పుడైతే లేచి తీసేదీ మనమే. నాయకుడు ఎలా ఉండాలో జేపీ చాలా చెప్పారు. ఓటరు ఎలా ఉండాలన్నది మాత్రం 2009లో కూకట్‌పల్లి చెప్పింది, ఒక్కసారి.